పరుగెత్తువారి వీపుసంచి: తూకమా, నిలుకడయా?

కొండదారుల వెంట పగలెల్ల పరుగెత్తి, చీకటి పడినచోట రాత్రి గడపి, తెల్లవారగనే తిరిగి పరుగందుకొను అలవాటు గడచిన నాలుగు దశాబ్దులలో ఒక ప్రత్యేకవిద్యగా స్థిరపడినది. ఒక్కపూట పరుగునకు ట్రెయిల్ రన్నింగ్ అనియు, రాత్రి మజిలీతో కూడినదానికి ఫాస్ట్‌ప్యాకింగ్ అనియు పేరు. ఈ రెండింటికిని ఒకే సంచి చాలునా, చాలునేని అది ఎంత పెద్దది, ఎంత తేలికది, ఎట్టి పట్టీలు గలది కావలెను అను ప్రశ్న పైకి మిక్కిలి చిన్నదిగా కనిపించును. అయినను దీనిపై వాదప్రతివాదములు ఎంతగా చిక్కుపడినవనగా, క్రొత్తగా సంచి కొనదలచినవాడు ఒకరి మాట విని నడుముపట్టీ గలదానిని, వేరొకరి మాట విని అది లేనిదానిని కొని, రెండింటను అసంతృప్తుడై మిగులుట సర్వసాధారణమైనది. వాదించువారు వేర్వేరు దేశములలో, వేర్వేరు నియమములకు లోబడి, వేర్వేరు శీతోష్ణములలో తమ సిద్ధాంతములను నిర్మించుకొనిరి. ఆ పరిస్థితులను విడిచి సిద్ధాంతమును మాత్రము ప్రకటించుచున్నారు. గ్రాముల లెక్క అందఱి నోటను వినవచ్చుచున్నది గాని, పరుగులో ఆ గ్రాములు కదలకుండ నిలుచునా అను విచారణ వెనుకబడిపోయినది. ఈ సమీక్షలో దానికే ఎక్కువ చోటు దక్కును.

పూర్వరంగము

నేటి వీపుసంచికి ఆధునికరూపము వచ్చినది 1952లో. కాలిఫోర్నియాలోని గ్లెండేల్ పట్టణమున డిక్ కెల్టీ, తాను అల్యూమినియం చట్రములను వంచుచు, ఇల్లాలు సంచులను కుట్టుచుండగా, భారమును భుజములనుండి తుంటి ఎముకలమీదికి దింపు నడుముపట్టీ గల సంచులను అమ్మజొచ్చెను. 1967లో గ్రెగ్ లో ఆ చట్రమును సంచి లోపలికి చేర్చి దానిని వీపునకు దగ్గర చేసెను. ఈ రెండు నిర్మాణములును నడచువారి కొఱకే పుట్టినవి. ఇరువది కిలోల బరువును నిదానముగా మోయుటయే వాని పరమార్థము. పరుగను ఊహయే అందు లేదు.

ఇంతలోనే, 1955లో, ఎమ్మా గేట్‌వుడ్ అను అరువదియేడేండ్ల వృద్ధురాలు అమెరికాలోని అపలేషియన్ ట్రెయిల్‌ను, ఇంచుమించు 3,500 కిలోమీటర్ల ఆ దారిని, ఇంట కుట్టుకొన్న డెనిమ్ గుడ్డ మూటను ఒక భుజమున వైచుకొని, మామూలు కాన్వాసు బూట్లతో ఆసాంతము నడచెను. ఆ మూటలో గుడారము లేదు. వాననుండి కాపునకు స్నానపుగది ప్లాస్టిక్ తెర యుండెను. నాటివారు దీనిని వింతగా చూచి మెచ్చుకొనిరే గాని శాస్త్రముగా గ్రహించినవారు లేరు. ఆమె చేసినదానికి సిద్ధాంతరూపమిచ్చినవాడు రే జార్డిన్. 1992లో పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ యాత్రికుల కొఱకు ఆయన వ్రాసిన చేపుస్తకము, తరువాతి గ్రంథములు, చట్రమును నడుముపట్టీని త్యజించి, సంచిని ఇంటనే కుట్టుకొనుడని బోధించినవి. 1998లో కొలరాడోలో వెలసిన గోలైట్ సంస్థ ఆయన నమూనాను అంగడికి తెచ్చెను. లోపలి సామగ్రి తేలికయైనచో సంచి తేలిక కావచ్చునను ఆయన క్రమమును శిష్యులలో పలువురు తలక్రిందులు చేసి, ముందుగా తేలిక సంచిని కొని, పిదప పాత బరువులనే అందు కుక్కిరి. చట్రము లేని సంచి భుజములను కోయుచున్నదను ఫిర్యాదులలో సగము ఈ విపర్యయమునుండి పుట్టినవే.

ఇంగ్లండులో కథ వేఱుగా నడచినది. 1968లో మొదలైన కారిమోర్ ఇంటర్నేషనల్ మౌంటెన్ మారథాన్, నేటి పేరున ఓ.ఎం.ఎం., ఇరువురు జంటగా రెండు దినములు పటము దిక్సూచులతో కొండలపై పరుగెత్తవలసిన పోటీ. గుడారము, పొయ్యి, ఆహారము, పడక సమస్తమును వారే మోయవలెను. నడుమ ఒక రాత్రి అక్టోబరు చలిలో గడపవలెను. ఫాస్ట్‌ప్యాకింగ్ అను పేరు పుట్టకమునుపే ఆ పని అచట ఏటేట జరుగుచుండెను. పేరు మాత్రము అమెరికాలో, 1988లో జిమ్ నైట్, బ్రైస్ థాచర్ అను ఇరువురు వయోమింగ్‌లోని విండ్ రివర్ శ్రేణిలో నూఱుమైళ్లు పరుగుతీసిన పిమ్మట ప్రచారమునకు వచ్చినది. ఈ థాచరే 1985లో అల్టిమేట్ డైరెక్షన్ సంస్థను స్థాపించినవాడు. అదే దశాబ్దపు చివర, 1989లో, టెక్సాసు ఎండలో సైకిలు పందెమునకు పోవుచు మైకేల్ ఈడ్సన్, వైద్యులు వాడు సెలైన్ సంచిని మేజోడులో దోపి చొక్కా వెనుక కుట్టించుకొనెను. కేమెల్‌బాక్ గొట్టపు నీటిసంచి ఆ విధముగ పుట్టి, చేతి సీసాను వీపునకెక్కించినది. 2012 ప్రాంతమున స్కాట్ జ్యూరెక్, ఆంటన్ క్రుపిచ్కా, పీటర్ బేక్విన్ అను పరుగువీరుల పేర అల్టిమేట్ డైరెక్షన్ వారు తెచ్చిన వెస్టులు ఆ నీటిని మరల ముందుకు, ఛాతీమీది సీసాలకు, మరల్చినవి.

మూడు సంప్రదాయములు

ఈ చరిత్రనుండి మూడు సంప్రదాయములు ఏర్పడినవి. మొదటిది ఆంగ్లేయుల మౌంటెన్ మారథాన్ సంప్రదాయము. సంచి పొడవుగా, సన్నగా, ఇరువదియైదు ముప్పదిరెండు లీటర్ల పరిమాణమున నుండును. పలుచని నడుముపట్టీపై తినుబండారముల జేబులుండును. వీపునానుకొను ఫోమ్ పలకను రాత్రి ఊడదీసి పఱచుకొన్నచో అదియే పడక. ఒక వస్తువు రెండు పనులు చేయవలెనను నియమము ఇందు మిక్కిలి నిష్ఠతో పాటింపబడినది. తడిసిన గడ్డినేలపై, పొగమంచులో, చలిలో రెండు దినములు గడపుటకు ఇంతకంటె పొందికైనది లేదనియే చెప్పవచ్చును. అయితే నీటిని గూర్చి ఈ సంప్రదాయము అంతగా పట్టించుకొనలేదు. లేక్ డిస్ట్రిక్టు కొండలలో ప్రతి లోయయందును వాగు పాఱుచుండగా ఎవరు మోయుదురు?

రెండవది వెస్టు సంప్రదాయము. ఇందు సంచికి పట్టీలుండుట గాక, సంచియే చొక్కావలె తొడుగుకొనబడును. బరువు రెండు భుజములపై సన్నని గీతలుగా గాక, ఛాతీ, ప్రక్కటెముకలు, వెన్ను చుట్టును విశాలముగా పఱచుకొనును. అర లీటరు మెత్తని సీసాలు రెండు ముందువైపున నుండి వెనుకటి బరువును కొంత సరితూచును. త్రాగినకొలది అవి ముడుచుకొనిపోవుటచే నీరు చిలకదు. ఐరోపా పందెముల నిర్బంధసామగ్రి ఈ రూపమును చాలవఱకు నిర్ణయించినది. 2003లో ప్రారంభమైన, మో బ్లా పర్వతము చుట్టును ఇంచుమించు 170 కిలోమీటర్లు సాగు యు.టి.ఎం.బి. పందెమున ప్రతివారును వానకోటు, తలదీపము, ప్రాణరక్షణ దుప్పటి, ఈల, ఒక లీటరు నీరు మోయవలెను. ఈ జాబితా పది పండ్రెండు లీటర్లలో సుఖముగా పట్టును. ఆ వెస్టునే ఇరువది, ముప్పది, నలువది లీటర్ల వఱకు సాగదీసి రాత్రి మజిలీకిని పనికివచ్చునని తయారీదారులు ప్రకటించుచున్నారు. ఇరువది వఱకు ఆ మాట నిజము. ముప్పది దాటిన పిమ్మట వెస్టు తన గుణమును కోల్పోయి, నడుముపట్టీ లేని మామూలు సంచిగా మిగులును.

మూడవది అమెరికన్ల అతితేలిక సంప్రదాయము. ఆహారము, నీరు, ఇంధనము విడిచి తక్కిన సామగ్రి పదిపౌనులకు, అనగా నాలుగున్నర కిలోలకు, మించరాదనుట దీని మూలసూత్రము. మెడ వద్ద చుట్టి మూయు నోరు, అడుగున చేతికందు జేబు, వెనుక పెద్ద వలజేబు దీని ఆనవాళ్లు. 2013లో హెదర్ ఆండర్సన్ పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌ను, 4,200 కిలోమీటర్లకు పైబడిన ఆ దారిని, పరాశ్రయము లేక 60 దినములలో ముగించుట ఈ సంప్రదాయపు గొప్ప విజయములలో నొకటి. కాని అటువంటి యాత్రలో పరుగుకంటె అలుపెఱుగని వేగపునడకయే అధికము. నడకకు సరిపోయిన సంచి పరుగునకు సరిపోవునని దీనినిబట్టి తీర్మానించుట తొందరపాటు.

ఈ మూడింటికి వెలుపల, సహారా ఎడారిలో 1986నుండి జరుగు మారథాన్ దె సాబ్ల పందెము తనదైన మార్గమును చూపినది. అందు నీరు గాక తక్కిన సామగ్రి ఆరున్నర కిలోలకు తక్కువ గాని పదునైదింటికి ఎక్కువ గాని కాకూడదు. కావున పోటీదారులు వెనుక ఇరువది లీటర్ల సంచికి తోడు ముందొక చిన్నసంచిని తగిలించి బరువును విభజించుకొందురు. చూచుటకు కంగారుగా నుండును, అడుగు వేయుచోటును కొంత మఱుగుపఱచును. కాని సమతౌల్యవిషయమున తక్కినవారు దీనినుండి నేర్చుకొనవలసినది కలదు.

పోల్చి చూచినచో: చలి, తడి, ఒకే రాత్రి ఐన మౌంటెన్ మారథాన్ సంచి, రాత్రి లేక, లేదా వెచ్చని రాత్రి యైన వెస్టు, పలురాత్రులు, నడక ప్రధానమైన అతితేలిక సంచి. తగవంతయు ఈ మూడింటి సరిహద్దులలో, ఇరువదినుండి ముప్పది లీటర్ల నడుమ, నిలిచియున్నది.

కదలికను గూర్చి శాస్త్రము చెప్పునది

పరుగులో శరీరము నిమిషమునకు నూటయరువదినుండి నూటయెనుబది మార్లు పైకెగసి క్రిందికి దిగును. వీపుమీది బరువు శరీరముతో కలసి ఎగసిదిగినచో అదనపు శ్రమ ఆ బరువునకు తగినంతయే. అది ఒక క్షణము వెనుకబడి, శరీరము పైకి లేచుచుండగా తాను దిగుచున్నచో, ప్రతి అడుగును భుజములపై ఒక దెబ్బగా పరిణమించును. సంచి ఖాళీ బరువు నాలుగువందల గ్రాములా ఏడువందలా అను తర్కము ఈ దెబ్బ ముందు ఏపాటిది? మూడువందల గ్రాములు తగ్గించుకొనుటకై బిగింపుపట్టీలను కోసివేసినవాడు లాభపడినది తక్కెడమీద మాత్రమే.

ఈ విషయమున ఒక పరిశోధన మనకు ఆసక్తి కలిగింపగలదు. 1991లో రోజర్ క్రామ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆసియా దేశములలో కావడి మోయువారు వంగు బద్దలను ఏల వాడుదురని ప్రశ్నించి, శరీరభారములో దాదాపు ఐదవవంతు బరువును వంగుగొట్టములపై మోయుచు పరుగెత్తినవారిని పరీక్షించెను. ప్రాణవాయువు వినియోగము మామూలు వీపుసంచితో పెరుగునంతయే పెరిగినది. శక్తి ఆదా కాలేదు. కాని భుజముపై పడు గరిష్ఠబలము బాగుగా తగ్గినది. బరువు దాదాపు కదలక నిలువగా, వంగుట యంతయు బద్ద వహించినది. మన పల్లెలలో కావడి బద్దకు వెదురునే ఏరుటలోని యుక్తి ఇదియే. పిదప 2006లో లారెన్స్ రోమ్ తన సహచరులతో కలసి, బరువును చట్రమునుండి సాగు త్రాళ్లతో వ్రేలాడదీసిన సంచిని పరీక్షించి, భుజముపై బలము తగ్గుటయే గాక మోయుటకగు శక్తివ్యయమును తగ్గునని నిరూపించెను. అయితే ఆ యంత్రాంగపు స్వంతబరువు రాత్రిమజిలీ సంచి మొత్తమునకు మించిపోవునది గనుక మన ప్రస్తుతప్రశ్నకు అది సమాధానము కాజాలదు.

ఈ రెండు పరిశోధనలనుండి తేలునదేమనగా, బరువు శరీరమునకు పూర్తిగా అంటుకొనియైన ఉండవలెను, లేదా పూర్తిగా తేలుచునైన ఉండవలెను. నడుమనుండు అరకొర వదులు రెండింటికంటె చెడ్డది. అంగడిలోని అనేక సంచులు ఆ నడుమనే యున్నవి. అంటుకొనుటకు ఉపాయములు సులభమైనవే. బరువైన వస్తువును భుజఫలకముల నడుమ, వీపునకు అతిదగ్గరగా నుంచవలెను. స్లీపింగ్ బ్యాగును చిన్న సంచిలో గట్టిగా కుక్కక, అడుగున వదులుగా నింపినచో అది మూలలన్నిటిని పూరించి తక్కినవానిని కదలనీయదు. నీటిసంచిని నింపిన పిమ్మట తలక్రిందులు చేసి గొట్టముద్వారా గాలిని పీల్చివేసినచో చిలుకుడు మాయమగును. ఇట్టి చిన్న మెలకువలు మూడువందల గ్రాముల తేడాకంటె ఎన్నో రెట్లు ఫలమిచ్చును.

నడుముపట్టీ తగవును ఇందులోనిదే. నడకలో తుంటి స్థిరముగా నుండును గనుక కెల్టీ పద్ధతి చెల్లును. పరుగులో ప్రతి అడుగునకు తుంటి ఒకవైపు తిరుగుచు, భుజములు ఎదురువైపు తిరుగుచుండును. రెండింటికిని ఒకేసారి గట్టిగా కట్టిన సంచి ఆ మెలికను అడ్డగించి, చర్మమును ఒరయును. కావున నాలుగైదు కిలోల వఱకు పట్టీ అనవసరము. ఏడెనిమిది దాటినచో అది కావలెను గాని, అపుడు పరుగే తగ్గిపోవును. ఛాతీపట్టీలను అతిగా బిగించినచో ఊపిరికి ఇబ్బంది యను ఆక్షేపణ నిరాధారము కాదు. సాగు పట్టీలు అందులకే వచ్చినవి. స్త్రీల శరీరమునకు సీసాల జేబులు ఎచట నుండవలెనను విషయమును తయారీదారులు చాలకాలము ఉపేక్షించి, పురుషుల వెస్టునే కురుచచేసి అమ్మిరి. ఇటీవల ఈ లోపము కొంత సరియైనది.

లీటర్ల లెక్క, వస్త్రముల తగవు

ఇరువది లీటర్లని చీటీ అంటించిన రెండు సంచులలో ఒకదానిలో పట్టినది రెండవదానిలో పట్టకపోవుట కొనుగోలుదారులకు అనుభవమే. సంచి పరిమాణమును కొలుచుటకు అమెరికాలో ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్2153 అను ప్రమాణము కలదు: ఇరువది మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీలతో సంచిని నింపి, పిదప వానిని కొలపాత్రలో పోసి చూతురు. కాని ఈ పద్ధతిని అందఱును పాటింపరు. కొందఱు వెలుపలి వలజేబులను కలిపి చెప్పుదురు, కొందఱు లోపలిదానినే చెప్పుదురు. కావున చీటీమీది అంకెకంటె, తన సామగ్రిని మూటగా తీసికొనిపోయి అంగడిలోనే నింపి చూచుట నమ్మదగినది. పడక, స్లీపింగ్ బ్యాగు, పైకప్పు గుడ్డ, వెచ్చని చొక్కా, వానకోటు, దినమునకు ఇంచుమించు కిలో చొప్పున ఆహారము: పొదుపుగా ఏరినచో ఒక రాత్రికి ఇవి ఇరువదియైదు లీటర్లలో ఒదుగును.

వస్త్రము విషయమున నైలాన్ నేటికిని అధికసంఖ్యాకుల ఎంపిక. 1992లో అమెరికాస్ కప్ గెలిచిన అమెరికా క్యూబ్డ్ నౌకతో ముడిపడిన తెరచాపగుడ్డనుండి క్యూబెన్ ఫైబర్ వచ్చినది; 2015లో డచ్చి సంస్థ డి.ఎస్.ఎం. దానిని చేజిక్కించుకొనిన తరువాత డైనీమా కాంపొజిట్ అని పేరు మారినది. ఇది నీరు పీల్చదు, లాగుడునకు తెగదు. కాని బండలపై ఒరపిడికి పలుచనిరకము తాళదు, వెల నైలాన్‌కు ఎన్నో రెట్లు. నైలాన్ లోపలి పాలీయురిథేన్ పూతకు వేఱొక జబ్బు కలదు: తేమలో ఏండ్లు గడచినకొలది అది విచ్ఛిన్నమై, జిగురుగా మారి, పొరలు లేచిపోవును. మన వానకాలమున అలమరలో మూసిపెట్టిన సంచులకు ఈ గతి త్వరగా పట్టును. సంచి తడవకుండ కాపాడవలెనను ఆశయే అనవసరమనియు, లోపలొక మందపు ప్లాస్టిక్ సంచి వేసికొనుట చాలుననియు చెప్పువారి మాట ఈ వ్యాసకర్తకు సమంజసముగా తోచుచున్నది.

తూర్పుకనుమలలో లెక్క తిరుగబడుట

పైని చెప్పిన సంప్రదాయములన్నియు చలిదేశములవి. అందు స్థలమాక్రమించునది వెచ్చదనము: స్లీపింగ్ బ్యాగు, చొక్కాలు. అవి తేలికయే గాని ఉబ్బుగానుండును. తెలుగునేలపై, లంబసింగి అరకు ప్రాంతముల పుష్యమాసపు రాత్రులను మినహాయించినచో, ఆ ఉబ్బుసామగ్రితో పని స్వల్పము. ఒక పలుచని దుప్పటి, దోమతెర చాలును. దాని స్థానమున నీరు వచ్చి కూర్చుండును. వాగులెండిన కాలమున నల్లమల అంచు గుట్టలలోనో, దక్కను బండలమీదనో పరుగెత్తువాడు మూడు నాలుగు లీటర్లు మోయక తప్పదు. అనగా మూడు నాలుగు కిలోలు. యు.టి.ఎం.బి. కోరునది ఒక్క లీటరే యని స్మరించినచో తేడా ఎంతయో తెలియును.

ఫలితముగా మనకు కావలసిన సంచి పదునైదు ఇరువది లీటర్లకు మించనక్కఱలేదు, కాని అందలి బరువు సాంద్రమైనది, ద్రవమైనది, గంటగంటకు తగ్గునది. పెద్దదై తేలికగానుండు అమెరికన్ సంచి ఇచట రెండు విధములను అనుచితము: స్థలము వృథా, పట్టు చాలదు. గట్టి వెస్టు పట్టీలు, ముందు రెండు సీసాలు, వెనుక వీపునానిన నీటిసంచి, దానికి వెలుపలినుండి బిగింపు గల పదునెనిమిది లీటర్ల సంచి మన ఋతువులకు సమీపమైనది. చెమటవిషయమును మఱువరాదు. ఇంగ్లండులో పడకగా పనికివచ్చు ఫోమ్ పలక మన ఎండలో వీపును ఉడికించును; వలగుడ్డ వీపు చల్లన గాని, సంచిని రవ్వంత దూరము చేయును. ఈ రెండింటి నడుమ ఎవరికి వారే తేల్చుకొనవలెను. ఇచట మజిలీ సైతము స్వేచ్ఛావిషయము కాదు. నల్లమలలో అధికభాగము నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యమున నున్నది. శేషాచలమున వేంకటేశ్వర జాతీయవనము కలదు. అటవీశాఖ అనుమతి లేక అట్టిచోట్ల రాత్రి గడపరాదు. అందుచే అడవి వెలుపలి ఊరిలోనో, సత్రములోనో నిద్రించు వాడుకయే మనవారికి అనువు. అపుడు గుడారము పడకయు లెక్కనుండి తొలగి, పండ్రెండు లీటర్ల వెస్టే చాలునను స్థితి వచ్చును.

ఇంకను తేలని విషయములు

పరిమాణమునకు గోళీల ప్రమాణమున్నట్లు కుదుపునకు కొలమానమేదియు వాడుకలోనికి రాలేదు. తయారీదారులు గ్రాములను, లీటర్లను ముద్రింతురు గాని, ఐదు కిలోల బరువుతో తమ సంచి పరుగులో ఎన్ని మిల్లీమీటర్లు కదలునో చెప్పరు. అది చెప్పవలసి వచ్చిననాడు ప్రకటనలలోని క్రమము చాలవఱకు మారిపోవును. మన్నిక విషయమును ఇంతే. మూడువందల గ్రాముల సంచి రెండేండ్లలో చినిగి, ఏడువందల గ్రాములది పదేండ్లు నిలిచినచో ఏది తేలికయో చెప్పుటకు ఉమ్మడి లెక్క ఏర్పడలేదు. కొందఱు తయారీదారులు మరమ్మత్తు చేసియిచ్చు వాడుకను మొదలిడుట మంచి సూచనయే. నీటిని జార్చు ఫ్లోరిన్ రసాయనపు పూతల స్థానమున వచ్చుచున్న క్రొత్త పూతలు వానలో ఎంతకాలము నిలుచునో కాలమే చెప్పవలెను.

అన్నిటికంటె అల్పముగా చర్చింపబడిన విషయము రెండవనాటి సంచి. పరీక్షలన్నియు నిండుసంచితో జరుగుచున్నవి. కాని ఆహారము తరిగి, నీరు సగమై, మధ్యాహ్నపు దిగుడులో వేగము హెచ్చినపుడు సంచి సగము ఖాళీగానుండును, కుదుపు అపుడే విజృంభించును. ప్రక్కల వంకరటింకర త్రాడు, పైన చుట్టుకొను నోరు, అడుగునుండి పైకి లాగు బిగింపు: వీనిలో ఏది సగముసంచిని నిండుసంచివలె నిలుపగలదో పోల్చి చూచినవారు అరుదు. కొనదలచినవారు అంగడిలో రెండు మార్లు గంతులువేసి చూతురేని, రెండవమారు సగము సామగ్రిని తీసివేసి చూచుట మేలు.